పడుగూ పేకా లేని బట్ట

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక
మా ఫ్యాక్టరీకి బోర్డు సగమే ఉంది.
మిగతా సగం తుపానుకి లేచిపోయి
పక్క గోడౌన్లో పడింది.
వాళ్లు దాన్ని తలుపు చేసుకున్నారు.

పొద్దున్నే కండెలొస్తాయి.
కండెలనేది నా మాట, స్టోరు పుస్తకంలో రోవింగ్.
గాజంటే ఎవరు నమ్ముతారు?
పట్టుపోగులా జారి జారి
కట్టర్ పళ్ల కిందికెళ్లి
రెండంగుళాల ముక్కలై రాలుతుంది
ఎటుబడితే అటు,
ఒకదాని మీదొకటి,
కదిలే బెల్టు మీద.
అప్పుడు గట్టిగా తుమ్మినా చెదిరిపోతుంది.

రేకు సందులోంచి ఎండ దూరితే
గాల్లో మెరిసేది దుమ్ము కాదు.
మోచేతి మడతలో, కాలరు కింద,
రాత్రి దిండు మీద
అది తన సంగతి తను చెబుతుంది.
కొత్తలో తెగ గోక్కునేవాణ్ణి.
"గోకితే ఇంకా లోపలికి పోద్ది.
చన్నీళ్లు పోసుకో. వేణ్ణీళ్లొద్దు."
ప్యాకింగు సలోమి చెప్పింది,
నా వైపు చూడకుండానే.

ఒక ముక్క మంగళగిరి పట్టుకెళ్లాను.
పానకాలమ్మ పెద్దమ్మ కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది.
పడుగేదిరా?
లేదు.
పేక?
అదీ లేదు.
మరి దీన్ని పట్టుకునుందేంది?
గంజి, అన్నాను.

అప్పుడు నవ్వింది. అరవయ్యేళ్ల చేతులు
వీధి పొడుగునా పడుగు సాచి
కోడి కూయకముందే కుంచె ఆడించిన చేతులు.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
గంజిని సాగదీసి చూసి
"ఎక్కువైతే పోగు విరుగుద్ది,
తక్కువైతే రేగుద్ది" అనేది.
మా ఫోర్‌మన్ మస్తాన్‌వలీ ఇంతకన్నా ఏం చెప్పాడు?
కంప్యూటర్లో గీత చూపించి
అదే మాట చెప్పాడు.

తడి చల్లాలి. తడి మీద పొడి చల్లాలి.
గాజుముక్క గాజుముక్కని దాటే ప్రతిచోటా
నీటిబొట్టు ఆగుతుంది, బొట్టులో పొడి ఆగుతుంది.
ఓవెన్లో కరుగుతుంది.
చల్లటి రోలర్ల మధ్య నొక్కుకుని
ఇవతలికొచ్చేసరికి
చుట్టచుట్టి భుజానేసుకునే బట్ట.

నా పని ఆ తర్వాత.
అరచేయంత ముక్క కోసి తూస్తాను,
ఫర్నేసులో పెట్టి కాలుస్తాను,
మళ్లీ తూస్తాను.
గాజు అలాగే ఉంటుంది.
తగ్గిందే గంజి బరువు.
మూడు పాయింటు ఎనిమిది, రిజిస్టర్లో రాస్తాను.
ఎంత ఉండేదో
పోయాకే లెక్క.

కాంట్రాక్టరు మారి సలోమిని ఆపేశారు.
మొదటి వారంలో ఏమీ కాలేదు.
రెండో వారంలో ఏడుకొండలూ జోజీ
గ్లౌజుల దగ్గర కాలర్లు పట్టుకున్నారు.
టీ డబ్బులు ఎవరివి వాళ్లే ఇచ్చుకున్నారు.
రాత్రి షిఫ్టులో కాసులు భార్యకి నొప్పులొస్తే
ఆటో ఎవర్ని పిలవాలో
ఒక్కడి దగ్గరా నంబరు లేదు.
ఆ గడి రిజిస్టర్లో లేదు.

సీతానగరం రేవు దగ్గర
పడవలు పోసేవాళ్లు మా సరుకే కొంటారు.
అచ్చు మీద బట్ట పరిచి
రెజిన్ కుంచెతో అద్దుతారు.
అద్దగానే మా గంజి కరిగిపోవాలి.
కరక్కపోతే బట్ట వొంపు తిరగదు,
మాకు ఫోన్లో తిట్లు.
ఇది చెబితే పెద్దమ్మ ఆశ్చర్యపోలేదు.
"మాదీ అంతేగా,
చీర మొదటి ఉతుకులో పోయేదేగా" అని
ఒత్తి సరిచేసుకుంది.

సలోమికి ఫోన్ చేశాను.
గుంటూర్లో మిర్చి కోల్డ్‌స్టోరేజీలో ఉందట.
"ఈ ఘాటు ముందు మీ గాజే నయం" అని
నాలుగు తుమ్ములు తుమ్మి
ఆటోవాడి నంబరు ఇచ్చింది.
గోడ మీద పెన్సిల్‌తో రాసి పెట్టాను.

నిన్న కొత్త కుర్రాడొకడు
కట్టర్ దగ్గర మెడ గోక్కుంటున్నాడు.
చన్నీళ్లు, అన్నాను.
వేణ్ణీళ్లొద్దు.